నాలుక ఇచ్చే మార్కులు, కడుపు ఇచ్చే మార్కులు

హోటల్ భోజనానికి మనం ఇచ్చే తీర్పులో సైన్స్ ఎంత, భ్రమ ఎంత?

ఇలాంటి దృశ్యాన్ని ఊహించుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఊళ్లో కొత్తగా తెరిచిన హోటల్‌కి ఒక కుటుంబం భోజనానికి వెళ్లింది. నలుగురూ తిన్నది ఒకే బిర్యానీ, ఒకే కోడి వేపుడు. బయటికి వచ్చాక నాన్నగారు "ఉప్పు తగ్గింది" అన్నారు. అమ్మ "కారం మండిపోయింది" అంది. కాలేజీ అబ్బాయికి అంతా అద్భుతం. నానమ్మ మాత్రం "ఆ గోలలో ఏం తిన్నానో నాకే తెలియలేదు" అని నవ్వేసింది. మిగిలిన బిర్యానీని పార్సిల్ కట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నారు. దారిలోనే అబ్బాయి ఫోన్ తీసి హోటల్‌కి ఐదు నక్షత్రాలు ఇచ్చేశాడు.

ఆ రాత్రి రెండు గంటలకు నానమ్మకి వాంతులు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఫోన్‌లో ఐదు నక్షత్రాలు కాస్తా ఒక్క నక్షత్రం అయ్యాయి. కింద ఒక వాక్యం కూడా చేరింది: "పాచి తిండి పెడుతున్నారు, ఎవరూ వెళ్లకండి."

మధ్యాహ్నం ఇచ్చిన ఐదు నక్షత్రాలు సరైనవా? తెల్లవారి ఇచ్చిన ఒక్క నక్షత్రం సరైనదా? రెండూ తొందరపాటు తీర్పులే కావచ్చు. ఎందుకో తెలియాలంటే నాలుక నుంచి మొదలుపెట్టాలి.

రుచిలో ముక్కు వాటా

తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. నాలుక మీది రుచి మొగ్గలు ప్రధానంగా గుర్తించేవి ఈ ఐదే. ఐదోదైన ఉమామిని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా గుర్తించారు. బాగా మరిగిన మాంసం పులుసులోనూ, పండిన టమాటాలోనూ ఉండే ఆ కమ్మదనానికి గ్లుటమేట్ కారణం. మరి బిర్యానీలోని యాలకుల ఘుమఘుమ, పోపులోని ఇంగువ వాసన ఎక్కడివి? అవి ముక్కు పని. నములుతున్నప్పుడు ఆవిరయ్యే పరిమళ అణువులు గొంతు వెనక భాగం నుంచి ముక్కులోకి చేరతాయి. మెదడు ఈ వాసననీ నాలుక చెప్పిన రుచినీ కలిపి ఒక్కటే అనుభవంగా మనకి అందిస్తుంది. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా అనిపించేది అందుకే.

దీన్ని హోటల్‌లోనే పరీక్షించి చూడొచ్చు. బిల్లుతో పాటు వచ్చే సోంపు చిటికెడు తీసుకుని, ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. కాస్త తీపి తప్ప పెద్దగా ఏమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. సోంపు వాసన ఒక్కసారిగా నోరంతా నిండినట్టు అనిపిస్తుంది. ఆ పరిమళంలో ముఖ్యమైన పదార్థం అనెథోల్. అది ముక్కుకి తగిలినా, మెదడు దాన్ని నోట్లోనే ఉన్నట్టు చూపిస్తుంది.

కారం సంగతి మరీ వింత. శాస్త్రం లెక్కలో కారం రుచే కాదు, అదొక మంట. మిరపలోని క్యాప్సైసిన్, నోటిలోని నొప్పి నాడుల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకం కూడా అదే. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనుగొంది. ఈ పరిశోధనలకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. కాబట్టి పొగలు కక్కే కూర, చల్లారిన అదే కూర కన్నా ఘాటుగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. వేడీ, మిరప కారమూ ఒకే తలుపు తడుతున్నాయి. క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. అందుకే గ్లాసుల కొద్దీ నీళ్లు తాగినా మంట తగ్గదు. పెరుగులోని కేసీన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. బిర్యానీ పక్కన పెరుగు చట్నీ పెట్టడంలో ఈ రసాయన శాస్త్రం ఉంది.

తరచూ కారం తినేవారిలో ఈ నాడుల స్పందన మందగిస్తుంది. చేదును గుర్తించే జన్యువుల్లోనూ మనిషికీ మనిషికీ తేడాలున్నాయి. వయసు పెరిగే కొద్దీ వాసన పట్టే శక్తి తగ్గుతుంది. అందువల్ల ఒకే పళ్లెం ముందు కూర్చున్న నలుగురూ నాలుగు వేర్వేరు భోజనాలు చేసినట్టే. "ఉప్పు తగ్గింది" అన్న నాన్నగారూ, "కారం ఎక్కువ" అన్న అమ్మా ఇద్దరూ నిజమే చెప్పారు. అయితే అది హోటల్ గురించి ఎంత చెబుతుందో, వాళ్ల నోటి గురించీ అంతే చెబుతుంది.

చెవి, ధర, చివరి నిమిషం

"గోలలో ఏం తిన్నానో తెలియలేదు" అన్న నానమ్మ మాటకు ప్రయోగశాలలో సాక్ష్యం ఉంది. హెడ్‌ఫోన్లలో పెద్ద చప్పుడు వినిపిస్తూ తినిపించినప్పుడు, జనానికి ఉప్పూ తీపీ తక్కువగా అనిపించాయని బ్రిటన్ పరిశోధకులు 2011లో చూపించారు. కరకరలాడే గుణం మాత్రం ఎక్కువగా తెలిసింది. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు విమానం లోపలి స్థాయి చప్పుడుతో ఇలాంటి పరీక్షే చేశారు. అక్కడ తీపి తగ్గింది, ఉమామి పెరిగింది. ఇక 2004 నాటి ఒక ప్రయోగంలో, ఆలూ చిప్స్ కొరికే శబ్దాన్ని మైకులో పట్టి, అందులోని సన్నని ధ్వనిని పెంచి తిరిగి చెవిలో వినిపించారు. చిప్స్ మారలేదు. అయినా తిన్నవాళ్లకు అవి మరింత తాజాగా, కరకరలాడుతూ అనిపించాయి.

ధర కూడా రుచిని మారుస్తుంది. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకే వైన్‌ని రెండు ధరల పేరుతో ఇచ్చారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు అదే వైన్ ఎక్కువ నచ్చింది. మెదడు స్కానింగ్‌లో, హాయిని నమోదు చేసే భాగంలో చురుకుదనం కూడా పెరిగింది. అంటే వాళ్లు మొహమాటానికి మెచ్చుకోలేదు, వాళ్లకి నిజంగానే బాగా అనిపించింది. ఏసీ గదిలో ఇత్తడి గిన్నెలో వచ్చిన పప్పుకీ, మెస్‌లో స్టీలు బకెట్‌లోంచి వడ్డించిన పప్పుకీ మనం వేరువేరు మార్కులు వేయడంలో ఇలాంటి ప్రభావం ఉండవచ్చు.

ఇక జ్ఞాపకం. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 1993లో ఒక ప్రయోగం చేసింది. మొదట చేతిని 14 డిగ్రీల చన్నీళ్లలో 60 సెకన్లు ఉంచమన్నారు. మరోసారి అదే 60 సెకన్లకు ఇంకో 30 సెకన్లు కలిపారు, ఆ చివరి 30 సెకన్లలో నీటిని కేవలం ఒక డిగ్రీ వెచ్చబెట్టారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే, ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. మొత్తం బాధ ఎక్కువైనా, ముగింపు కాస్త నయంగా ఉండటమే వాళ్లకు గుర్తుంది. ఒక అనుభవాన్ని మనం సగటు వేసి గుర్తుపెట్టుకోం. అందులోని అతి తీవ్రమైన క్షణమూ, చివరి క్షణమూ మిగులుతాయి. బిల్లు కోసం పావుగంట కూర్చోబెట్టిన హోటల్, అంతకు ముందు పెట్టిన మంచి భోజనాన్ని తానే చెడగొట్టుకుంటుంది. చివర్లో నవ్వుతూ ఇచ్చిన సోంపు, పటికబెల్లం ఖర్చు రూపాయల్లో ఉండదు, లాభం మాత్రం జ్ఞాపకంలో ఉంటుంది.

నక్షత్రాల లెక్క

ఇన్ని ప్రభావాల మధ్య పుట్టిన తీర్పును చివరికి మనం ఒక్క అంకెగా మార్చేస్తాం. ఆ అంకె విలువ తక్కువేం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా, అమెరికాలోని సియాటిల్ నగర రెస్టారెంట్ల ఆదాయ వివరాలను పరిశీలించారు. రేటింగ్‌లో ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేల్చారు. ఆ ప్రభావం పేరున్న గొలుసు హోటళ్ల మీద కాదు, విడిగా నడిచే చిన్న హోటళ్ల మీదే కనిపించింది. దంపతులిద్దరూ నడుపుకునే మెస్‌కి, కోపంలో ఇచ్చిన ఒక్క నక్షత్రం ఎంత బరువో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పైగా నక్షత్రాలు అంటువ్యాధి లాంటివి. 2013లో ఒక వార్తల వెబ్‌సైట్‌లో వ్యాఖ్యల మీద పరిశోధకులు ప్రయోగం చేశారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వ్యాఖ్యలకు ముందుగా ఒక్క మెప్పు ఓటు వేసి వదిలేశారు. చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. ముందువాళ్లు బాగుందంటే మనకీ బాగుందనిపిస్తుంది.

మరి రేటింగ్‌ని ఎలా చదవాలి? ఒక హోటల్‌కి 4 రేటింగులే ఉన్నాయి, సగటు 5.0. పక్క హోటల్‌కి 800 రేటింగులు, సగటు 4.3. ఏది మేలు? గణాంక శాస్త్రంలో ఒక సులువైన కిటుకు ఉంది. ప్రతి హోటల్‌కీ మామూలు స్థాయి మార్కులు, అంటే 3.5 చొప్పున పది ఊహా రేటింగులు ముందే ఉన్నాయనుకోండి. మొదటి హోటల్ సగటు 5.0 నుంచి 3.9కి జారుతుంది. రెండోది 4.29 దగ్గరే నిలబడుతుంది. కొద్దిమంది చెప్పిన గొప్ప మాటకన్నా, చాలామంది చెప్పిన మంచి మాట గట్టిది. డబ్బిచ్చి రాయించుకునే సమీక్షల బెడద కూడా ఉంది. అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది.

ముక్కుకి దొరకని ప్రమాదం

ఇంతవరకూ చెప్పుకున్నది నచ్చడం, నచ్చకపోవడం గురించి. అసలు ప్రశ్న వేరే ఉంది: ఆ తిండి సురక్షితమేనా? ఇక్కడ మన ఇంద్రియాలు పెద్దగా పనికిరావు.

ఆహారాన్ని చెడగొట్టి కంపు పుట్టించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బు పరిచే సూక్ష్మజీవులు వేరు. పులిసిన పప్పును ముక్కు పట్టేస్తుంది. కానీ సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా జబ్బు చేసేంతగా పెరిగినా, వాసనా రంగూ మారకపోవచ్చు. "వాసన బాగానే ఉంది, తినొచ్చు" అనే ఇంటి సూత్రం సగమే నిజం.

అన్నాన్నే తీసుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గట్టి పెంకు గల స్పోర్ల రూపంలో ఉండటం మామూలే. ఉడికించినా ఆ స్పోర్లు చావవు. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి, పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం వేడికి లొంగదు. మళ్లీ పొగలొచ్చేలా వేడిచేసినా బ్యాక్టీరియా చస్తుందేమో గానీ విషం అలాగే ఉంటుంది.

వండిన ఆహారానికి సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి ప్రమాదకరం. అనుకూల పరిస్థితుల్లో బ్యాక్టీరియా దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క కణం నాలుగు గంటల్లో 4,096 అవుతుంది. ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. పెద్ద డేగిసాల్లో వండిన మాంసం కూరలది ఇంకో సమస్య. పైన చల్లారినా మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాకి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇప్పుడు నానమ్మ దగ్గరికి వద్దాం. బాసిల్లస్ సీరియస్ విషం వల్ల వాంతులు సాధారణంగా తిన్న 1 నుంచి 6 గంటల్లో వస్తాయి. పెర్‌ఫ్రింజెన్స్ వల్ల కడుపునొప్పి, విరేచనాలు 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. సాల్మొనెల్లాకి కొన్ని గంటల నుంచి రోజులు పట్టవచ్చు. నానమ్మ హోటల్‌లో తిన్నది మధ్యాహ్నం ఒంటిగంటకి. వాంతులు రాత్రి రెండింటికి, అంటే 13 గంటల తర్వాత. ఇంట్లోవాళ్లు ఒక సంగతి మర్చిపోయారు. పార్సిల్ తెచ్చిన బిర్యానీ ఫ్రిజ్‌లోకి వెళ్లలేదు. మధ్యాహ్నం నుంచి బల్ల మీదే ఉంది. రాత్రి తొమ్మిదింటికి "పారేయడం ఎందుకు" అని నానమ్మ దాన్నే వేడిచేసుకుని తింది. తొమ్మిది నుంచి రెండు వరకు ఐదు గంటలు. అనుమానం వంటగది మీద నుంచి భోజనాల బల్ల మీదికి మారింది.

ప్రయోగశాల పరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేం. కానీ "ఆఖరుసారి బయట ఎక్కడ తిన్నామో అదే కారణం" అనే ఊహ చాలాసార్లు తప్పవుతుంది. తప్పు హోటల్‌ని నిందిస్తే రెండు నష్టాలు. నిజాయతీగా నడిచే హోటల్ నష్టపోతుంది. అసలు కారణం మన ఇంట్లోనే ఉండి, మళ్లీ అదే జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణుల్లో వాంతులు, విరేచనాలు త్వరగా నీరసం తెస్తాయి. ఓఆర్ఎస్ ఇస్తూ ఉండాలి. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం రాకపోవడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవాలి.

నూనె, రంగు, మయొనైజ్

హోటల్ వైపు తప్పులేమీ ఉండవని కాదు. వేపుళ్ల నూనెను మళ్లీ మళ్లీ కాచినప్పుడు గాలి, నీటి ఆవిరి, వేడి కలిసి దాన్ని విడగొట్టి, పోలార్ పదార్థాలనే వాటిని పెంచుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమాన్నీ అదే ఏడాది ప్రారంభించారు. బాణలిలో నూనె నల్లబడి, జిగటగా మారి, నురగ తేలుతూ, త్వరగా పొగలు కక్కుతుంటే అనుమానించాల్సిందే.

కోడి వేపుడు ఎర్రగా మెరిస్తే మిరపకాయదే ఆ రంగు అనుకోకూడదు. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియా, పీచుమిఠాయిల్లో కృత్రిమ రంగులను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే, మయొనైజ్ తయారీలో దాన్ని చంపే వేడి తగలదు. ఆ ఇన్‌ఫెక్షన్ నాలుకకి తెలిసేది కాదు, అందుకే నిబంధన అవసరమైంది.

తనిఖీల ఫలితాలను బయటపెడితే హోటళ్లు మారతాయా? అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో 1998 నుంచి రెస్టారెంట్ కిటికీల్లో పరిశుభ్రత గ్రేడ్ కార్డులు పెట్టించారు. దానివల్ల ఆహార సంబంధ జబ్బులతో ఆసుపత్రిలో చేరేవాళ్లు సుమారు 20 శాతం తగ్గారని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. అది చాలా పేరు పొందింది. 2019లో మరో బృందం అవే వివరాలను తిరగదోడి, ఆ తగ్గుదలకు వేరే కారణం ఉండవచ్చని, కార్డుల ప్రభావం నిరూపణ కాలేదని వాదించింది. తన సొంత నక్షత్రాలను కూడా మళ్లీ లెక్కపెట్టుకోవడం సైన్స్ అలవాటు.

ఈసారి ఇలా చూడండి

రుచిని శాస్త్రీయంగా కొలిచేవాళ్లూ ఉన్నారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల నమూనాలను పేరు లేకుండా, మూడంకెల సంకేతాలతో ఇస్తారు. చప్పుడూ ఇతర వాసనలూ లేని చిన్న గదుల్లో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెడతారు. నమూనాకీ నమూనాకీ మధ్య నీళ్లతో నోరు పుక్కిలిస్తారు. అమితంగా నచ్చింది నుంచి అసలు నచ్చలేదు వరకు తొమ్మిది మెట్ల కొలబద్దమీద మార్కులు వేస్తారు. ధర, పేరు, పక్కవాళ్ల అభిప్రాయం ఏదీ లోపలికి రాకుండా ఇంత కష్టపడతారు.

మనం హోటల్‌కి వెళ్లేది ప్రయోగానికి కాదు, నలుగురం కలిసి సంతోషంగా తినడానికి. అయినా వాళ్ల పద్ధతి నుంచి కొంత అరువు తెచ్చుకోవచ్చు. మార్కులు విడివిడిగా వేయండి: రుచికి వేరు, వడ్డనకి వేరు, శుభ్రతకి వేరు. ఒక్కసారి తిన్న అనుభవంతో తీర్పు ఖాయం చేయకండి. ఏ రోజు, ఏ వేళ, ఏ వంటకం తిన్నారో రాయండి. "కారం ఎక్కువ" అని రాసేటప్పుడు మీరు మామూలుగా ఎంత కారం తింటారో కూడా చెప్పండి.

భద్రత కోసం నాలుకని కాకుండా కళ్లని వాడండి. వేడిగా ఉండాల్సినవి పొగలు కక్కుతూ, చల్లగా ఉండాల్సినవి చల్లగా వస్తున్నాయా? డబ్బు తీసుకున్న చేత్తోనే చట్నీ వడ్డిస్తున్నారా? చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా? బజ్జీలను అచ్చు కాగితంలో చుడుతున్నారా? బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా? నిజంగా అనుమానం వస్తే ఒక్క నక్షత్రం ఇచ్చి ఊరుకుంటే ఎవరూ వచ్చి నమూనా తీసుకోరు. ఆ నంబరుతో, తిన్న సమయంతో, లక్షణాలు మొదలైన సమయంతో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనో, జిల్లా ఆహార భద్రత అధికారికో ఫిర్యాదు చేయాలి.

పార్సిల్ తెచ్చుకుంటే మాత్రం గడియారం మన చేతిలోకి వచ్చిందని గుర్తుంచుకోవాలి. రెండు గంటల్లోపు తినేయాలి, లేదా చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. బల్ల మీద మర్చిపోతే పారేయాలి. అన్నం పారేయడం మనసుకి కష్టమే. దాన్ని తిని రాత్రంతా బాధపడే నానమ్మని చూడటం అంతకన్నా కష్టం.

ఇక ఆ అబ్బాయి విషయానికొస్తే, అతను చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. మళ్లీ ఫోన్ తీసి, "పాచి తిండి" అనే మాటను చెరిపేసి, తిన్నది తిన్నట్టు, తెలిసింది తెలిసినట్టు రాయడం. నక్షత్రాలు ఎన్ని ఇస్తాడన్నది అతని ఇష్టం.